చెంపకు ఆనించిన ఫ్లాస్కు

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, రిటైరైనా నన్ను మరచిపోకుండా పిలిచిన విద్యార్థులకు నమస్కారం. సైన్స్ దినోత్సవం కాబట్టి సి.వి. రామన్ గారికి ముందుగా ఒక దండం. ఆయన గురించి నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ చెప్పేశారు కనుక నేను నేరుగా నా బ్యాక్టీరియా దగ్గరకు వస్తాను.

నాకిచ్చిన అంశం బ్యాక్టీరియా పెంపకం, దాని మీద పరిసరాల ప్రభావం. కాగితం మీద నాలుగు మాటలు రాసుకొచ్చాను: వేడి, పులుపు, తేమ, గాలి. వరసగా చెబుదామనే వచ్చాను. ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

మీలో ఇంట్లో పాలు తోడుపెట్టేవారు చేయి ఎత్తండి. అమ్మాయిలు పదిమంది దాకా ఉన్నారు. అబ్బాయిలలో ఒక్క చేయీ లేవలేదు. సరే, పెరుగు తినేవారు ఎత్తమంటే అందరూ ఎత్తుతారు.

మా అమ్మ కాచిన పాలు చల్లారుతుంటే చిటికెన వేలు ముంచి చూసేది. వేలు చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నేను థర్మామీటరు తెచ్చి ఆ పాలలో పెట్టాను. 43 డిగ్రీలు. పెరుగు బ్యాక్టీరియాకు హాయిగా ఉండే వేడి సరిగ్గా అక్కడే, 40కీ 45కీ మధ్య. చలికాలంలో ఆ గిన్నెను బియ్యం డబ్బాలో దాచేది. మన ల్యాబులో వేడిని ఒకేలా నిలిపే పెట్టె, ఇంక్యుబేటరు, చేసే పని అదే. పాలలోని చక్కెరను తిని ఆ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ఆ పులుపులో చాలా రకాల సూక్ష్మజీవులు నిలవలేవు. పులుపు ముదిరితే చివరికి పెరుగు బ్యాక్టీరియా కూడా నెమ్మదిస్తుంది. చూశారా, వేడి, పులుపు రెండూ అయిపోయాయి.

తేమకు ఆవకాయ జాడీ చాలు. అందులోని ఉప్పు నీటిని తన దగ్గరే పట్టి ఉంచుతుంది. జాడీలో నీరున్నా సూక్ష్మజీవికి అందదు. తడి గరిటె పెడితే ఇంట్లో కేకలు వేసేది అందుకే. నీరు చేరిన చోట ఉప్పు పలచబడి బూజు లేస్తుంది. బూజు బ్యాక్టీరియా కాదు, శిలీంధ్రం. అయినా నీటి లెక్క ఇద్దరికీ ఒకటే.

అన్నీ కుదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మన పేగుల్లో ఉండే ఇ.కోలి మంచి ఆహారం, 37 డిగ్రీల వేడి దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. అదే వేగంతో సాగితే ఒక్కటి ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. అదే వేడిలో క్షయ బ్యాక్టీరియా ఒకసారి రెండు కావడానికి పదిహేను, ఇరవై గంటలు తీసుకుంటుంది. కాబట్టి పరిసరాలే సర్వమనుకోకండి, జాతి స్వభావమూ ఉంటుంది.

ఇక గాలి. ఆగండి, 43 డిగ్రీలు అన్నాను కదా, ఆ వేడి గురించి ఇంకొక మాట ఉంది. నిజానికి నేను వచ్చింది అది చెప్పడానికే.

1881లో జర్మనీలో వాల్టర్ హెస్సే అనే వైద్యుడు, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేస్తూ గాలిలోని సూక్ష్మజీవులను లెక్కించే ప్రయత్నంలో ఉన్నాడు. అప్పట్లో బ్యాక్టీరియాకు పెట్టే ఆహారాన్ని గడ్డకట్టించడానికి జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ వాడేవారు. వేసవి ఎండకు అది కరిగి నీరయ్యేది. పైగా కొన్ని బ్యాక్టీరియాలు దాన్నే తినేసేవి. భార్య ఫానీ హెస్సే ఆ పనిలో ఆయనకు తోడుగా ఉండేది, ఆయన వ్యాసాలకు బొమ్మలూ గీసేది. నీ వంటింటి జెల్లీలు ఇంత ఎండలోనూ ఎలా నిలుస్తున్నాయని ఆయన అడిగితే, అగార్ వేస్తానని చెప్పింది. అది సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. ఆమె న్యూయార్క్‌లో పెరిగింది. జావా నుంచి వచ్చిన ఒక పొరుగింటి కుటుంబం దగ్గర ఆ కిటుకు నేర్చుకుంది. అగార్ 85 డిగ్రీల దాకా కరగదు. కరిగాక 40 లోపుకు దిగితే గానీ గడ్డకట్టదు. 37 డిగ్రీల ఇంక్యుబేటరులో రాయిలా ఉంటుంది. 1882లో కాక్ క్షయ మీద రాసిన వ్యాసంలో అగార్ ప్రస్తావన ఉంది. ఫానీ పేరు లేదు. బ్యాక్టీరియాను పెంచే మూత ఉన్న పెట్రి పళ్లెం 1887లో వచ్చింది, పెట్రి పేరుతోనే నిలిచింది. అందులో పోసేది మాత్రం ఫానీ పేరు చెప్పుకోదు.

ఇప్పుడు నా సంగతి. నేను కొత్తగా లెక్చరరుగా చేరిన ఏడాది. ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవు నుంచి తీసిన అగారును, అధికారులు వస్తున్నారన్న తొందరలో, బాగా చల్లారకుండానే బ్యాక్టీరియా ఉన్న నమూనా కలిపి పళ్లాలలో పోశాను. ఇరవై పళ్లాలు. మర్నాడు ఒక్క కాలనీ, అంటే కంటికి కనిపించే బ్యాక్టీరియా గుంపు, లేదు. వేడికి అన్నీ చచ్చిపోయాయి. మూతల లోపల మాత్రం నీటి చుక్కలు. మా ల్యాబు అటెండరు ఏమీ అనలేదు. ఇంకో గాజు ఫ్లాస్కులో అగారు కరిగించి, కాసేపు ఆగి, దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని రెండు క్షణాలు. తీశాడు, ఇంకాస్త ఆగాడు, మళ్లీ ఆనించాడు. "ఇప్పుడు పోయండి సార్" అన్నాడు. ఆ వేడి ఎంతో నేను తరవాత కొలిచాను. 46.

మా అమ్మ వేలికీ ఆయన చెంపకూ తేడా మూడు డిగ్రీలు. ఆ పళ్లాలు చూసి అధికారులు మెచ్చుకున్నారు. ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీద ఉన్నది నా పేరు. ముప్పై ఏళ్లు నా ఇంటి గోడకు వేలాడింది. నేను ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

ఆయన పేరు ఇక్కడ చెప్పవద్దని ఆయనే నన్ను కోరారు, కనుక చెప్పను. వెనక వరుసలో, స్తంభం పక్కన కూర్చున్నారు. అలా అందరూ ఒకేసారి తిరిగి చూడకండి, ఇబ్బంది పడతారు.

పొద్దున మీ ల్యాబు చూశాను. ఇంక్యుబేటరు మీద గుడ్డ కప్పి ఉంది, గుడ్డ మీద రికార్డు పుస్తకాల కట్టలు. తెరచి చూస్తే అరవై మంది రాసిన కాలనీల లెక్క ఒకటే, 142. అరవై పళ్లాలలో ఒకే లెక్క వచ్చే బ్యాక్టీరియాను నేనింతవరకు చూడలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, మీకు పళ్లెం ఇచ్చిన వారే లేరు.

అందుకే ప్రిన్సిపాల్ గారిని బతిమాలాను. మధ్యాహ్నం రెండింటికి ల్యాబు తాళం తీస్తారు. పళ్లాలలో అగారు స్తంభం పక్కన కూర్చున్న ఆయనే పోస్తారు. గడ్డకట్టాక మూతలు తీసి పది నిమిషాలు ఈ హాలులో, క్యాంటీనులో, చెట్టు కింద పెట్టండి. హెస్సే చూడాలనుకున్న గాలి అదే. నా కాగితంలో మిగిలిన గాలి వేరు, ప్రాణవాయువు సంగతి, అది ఇంకోసారి. మూత పెట్టి, తలకిందులుగా తిప్పి ఇంక్యుబేటరులో ఉంచండి. లేదంటే మూతకు పట్టిన నీటి చుక్క కాలనీల మీద పడి అన్నీ కలిసిపోతాయి. ఎల్లుండి బయట నుంచే లెక్కపెట్టండి, మూత మాత్రం మళ్లీ తీయవద్దు. ఎన్ని వస్తే అన్నే రాయండి. ముందు వచ్చిన ఇద్దరికి ఫ్లాస్కు చెంపకు ఆనించడం ఆయన నేర్పిస్తారట, ఇప్పుడే తల ఊపారు.