టవర్ చెప్పే లెక్క, గడప చెప్పే లెక్క

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, 2027కి వాయిదా పడింది. ఈలోగా రేషన్ కోటాలన్నీ పాత లెక్కల మీదే నడిచాయి. అదే ఫోన్ కంపెనీని అడగండి, నిన్న రాత్రి ఏ టవర్ కింద ఎన్ని ఫోన్లు ఉన్నాయో చెప్పేస్తుంది. మరి ఆ సమాచారంతో ప్రభుత్వం లెక్కలు కట్టకూడదా?

కట్టొచ్చు, కడుతున్నారు కూడా. ఎస్తోనియా 2008 నుంచే విదేశీ పర్యాటకుల లెక్కకు మొబైల్ సమాచారం వాడుతోంది. ఫోన్ల సమాచారమే కాదు, నెదర్లాండ్స్, నార్వేల్లో సూపర్ మార్కెట్ బిల్లింగ్ మెషిన్‌లో పడిన ధరలు కూడా నేరుగా ధరల సూచీలోకి, అంటే ధరలు ఎంత పెరిగాయో చెప్పే ప్రభుత్వ లెక్కలోకి, వెళ్తాయి.

ఒడిశా సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడికి వచ్చేసరికి వ్యవహారం తిరకాసు. ఆంధ్రాలోని పాతపట్నం ఇక్కడికి కూతవేటు దూరం. ఊరి చివర ఇంట్లో అరుగు మీద కూర్చున్న మనిషి ఫోన్ కాసేపు ఒడిశా టవర్‌ని, కాసేపు ఆంధ్రా టవర్‌ని పట్టుకుంటుంది. మనిషి అరుగు దిగలేదు, కంప్యూటర్ మాత్రం రెండు రాష్ట్రాలు తిరిగొచ్చాడంటుంది. పిల్లాడు విశాఖలో చదివేటప్పుడు తీసుకున్న సిమ్ ఇప్పటికీ వాడుతుంటే, సొంత ఊళ్లోనే వాడు పర్యాటకుడు! జేబులో రెండు సిమ్‌లున్న కొడుకు ఇద్దరవుతాడు, ఫోనే లేని నాయనమ్మ సున్నా. 2016లో జియో వచ్చినప్పుడు జనం ఎలా రెండో సిమ్ తీసుకున్నారో గుర్తుంది కదా. అప్పుడు ఒక్క కంపెనీ లెక్కనే నమ్ముకుని ఉంటే, ఊళ్లో జనం ఉన్నపళంగా పెరిగారనో తగ్గారనో రాసుకునేవాళ్లం.

అలాగని కొట్టిపారేయను. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్ల సంగతి చూడండి. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు తిరిగొస్తుంటే ఏ బ్లాకుకి ఎందరు వస్తారో, ఎన్ని పడకలు సిద్ధం చేయాలో తెలియక అధికారులకు ఒకటే టెన్షన్. పదేళ్లకోసారి తీసే లెక్క అక్కడ దేనికీ పనికిరాదు. ఒడిశా సిమ్‌లు సూరత్‌లో ఎన్ని ఉన్నాయో, వారం వారం ఎన్ని కదులుతున్నాయో తెలిస్తే చాలు, ఉజ్జాయింపుగా అయినా సరే.

అయితే పేర్లూ నంబర్లూ కంపెనీ గడప దాటకూడదు. లెక్క అక్కడే కట్టి, ప్రాంతాలవారీ మొత్తాలు మాత్రమే ఇవ్వాలి. ఎలా కట్టారో జనానికి చెప్పాలి. 2018లో కెనడా గణాంక సంస్థ లక్షల మంది బ్యాంకు లావాదేవీలను వాళ్లను అడగకుండానే తీసుకోబోయి, గొడవ కావడంతో ఆగిపోయింది. మన 2008 గణాంకాల సేకరణ చట్టం, సేకరించిన సమాచారాన్ని గణాంకాలకు తప్ప మరొకదానికి వాడొద్దంటుంది. ఆ మాట ఫోన్ సమాచారానికీ అంతే గట్టిగా వర్తించాలి. పోలీసు శాఖకి ఒక కాపీ పంపుతామంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకొకటి. ఈ జిల్లాలో ఎందరి ఇంట్లో తెలుగు, ఎందరి ఇంట్లో సవర మాట్లాడతారో ఏ టవర్ వల్లా తెలియదు. అది గడప దగ్గర అడిగితేనే తెలుస్తుంది. జనగణనలో మాతృభాషతోపాటు వచ్చిన మరో రెండు భాషలు కూడా రాస్తారు. కాబట్టి ఒడియా బాగా వచ్చినవాళ్లు దాన్ని అక్కడ చెప్పొచ్చు. మాతృభాష దగ్గర గణకుడు తనంతట తాను ఏదో రాసేసుకోకుండా, అడిగించుకుని మరీ చెప్పండి.