సగం బరువుకే ఎయిర్ ఫోర్స్ వన్: ఏం తీసేశారు, ఏం ఉంచారు?

[స్క్రీన్ మీద: పక్కపక్కన రెండు తెల్ల షూలు]

ఈ రెండు షూలూ ఒకసారి చూడండి. ఎడమవైపుది నైకీ ఎయిర్ ఫోర్స్ వన్. 1982 నాటి డిజైన్, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. కుడివైపుది 2016లో వచ్చిన ఎయిర్ ఫోర్స్ వన్ అల్ట్రా ఫ్లైనిట్. 1982 మోడల్ బరువులో ఇది సగమేనని నైకీ లెక్క. ఆకారం మారకుండా అంత బరువు ఎలా తగ్గింది?

ముందు పాతది ఎందుకంత బరువో చూద్దాం. బ్రూస్ కిల్‌గోర్ దీన్ని డిజైన్ చేసింది బాస్కెట్‌బాల్ కోసం. ఎగిరి దూకాలి, ఒంటికాలి మీద గిర్రున తిరగాలి. అందుకే వేళ్ల దగ్గర ఒక తోలు ముక్క, లేసుల పక్కన ఇంకోటి, మడమ చుట్టూ మరొకటి, ఒకదాని మీద ఒకటి వేసి కుట్టారు. కింద మందపాటి రబ్బరు కప్‌సోల్. గిన్నెలా అంచులు పైకి లేచి ఉంటాయి, షూ పైభాగం అందులో కూర్చుంటుంది.

[క్లోజప్: షూ అడుగుభాగం]

ముందు పాదం కింద ఈ వలయాలు కనిపిస్తున్నాయా? అందం కోసం పెట్టినవి కావు. ఆటగాడు కాలు అక్కడ మోపి తిరగడానికి పెట్టినవి. మడమలో ‘నైకీ ఎయిర్’ అనే గాలి సంచి ఉంటుంది. బాస్కెట్‌బాల్ షూలో నైకీ ఎయిర్ రావడం దీంతోనే మొదలు.

[టేబుల్ మీద గ్లాసులో నీళ్లు]

పాత సోల్ నుంచి కోసిన రబ్బరు ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోయింది. మిడ్‌సోల్, అంటే పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే పొర, దాని ఫోమ్ ముక్క పైనే తేలుతోంది. ఫోమ్ నిండా కంటికి ఆనని గాలి గదులే మరి! నైకీ ‘అల్ట్రా’ అని పేరు పెట్టిన మోడళ్లలో కిటుకు ఇక్కడే ఉంది. మిడ్‌సోల్ ఫోమ్‌ని లోపల తొలిచేస్తారు. 1987 నాటి ఎయిర్ మాక్స్ వన్‌కి వచ్చిన అల్ట్రా మోడల్‌లోనూ ఇదే పని చేశారు.

ఇక పైభాగం. ఫ్లైనిట్ 2012లో వచ్చింది. తోలు ముక్కలు కత్తిరించి కుట్టే బదులు, మెషీన్ మీద దారంతో అల్లేస్తారు. పాదాన్ని గట్టిగా పట్టుకోవాల్సిన చోట బిగుతుగా, గాలి ఆడాల్సిన చోట సందులతో. నాకు బాగా నచ్చింది ఏంటంటే, పాత తోలు ముక్కల అంచులు ఎక్కడ ఉండేవో, అల్లికలో ఆ గీతలు అలాగే ఉంచారు. ముక్కలు పోయినా షూని చూడగానే గుర్తుపడతాం.

బరువు తగ్గితే నిజంగా లాభముందా? ఉంది. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగులో ఆక్సిజన్ ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది. ఎయిర్ ఫోర్స్ వేసుకుని పరుగు పందేలకి ఎవరూ వెళ్లరనుకోండి. కానీ రోజంతా షాపులో నిలబడేవాళ్లకి, కాలేజీకి నడిచివెళ్లేవాళ్లకి సాయంత్రమయ్యేసరికి కాళ్లు తేడా చెప్తాయి.

పోయినవీ ఉన్నాయి. తోలు మీద బురద పడితే గుడ్డతో తుడిస్తే సరి. అల్లికలోకి వాన నీరు నేరుగా దిగిపోతుంది, మరక కూడా ఓ పట్టాన పోదు. పాత కప్‌సోల్‌కి చుట్టూ కుట్టు ఉంటుంది. అది ఊడితే వీధి చివర చెప్పులు కుట్టేవాళ్లు మళ్లీ కుట్టి ఇవ్వగలరు. ఫోమ్ అరిగితే అలా బాగుచేయడం కుదరదు.

[స్క్రీన్ మీద: రెండు కాన్వర్స్ షూలు]

కాన్వర్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఇదీ నైకీ చేతిలోని కంపెనీయే, దీని పాత కాన్వాస్ షూ పేరు చక్ టేలర్, ముద్దుగా చక్. 2015లో నైకీ వాళ్ల తేలికైన లూనార్‌లాన్ ఫోమ్‌ని లోపల పెట్టి చక్ టేలర్ టూ తెచ్చారు. పాదానికి పాతదానికంటే మెత్తగా ఉండేది. అయినా జనం పట్టించుకోలేదు, కొన్నాళ్లకే ఆపేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2013లో వచ్చిన చక్ 70 మాత్రం ఇప్పటికీ దొరుకుతోంది. అందులో కాన్వాస్ మందం, పక్కన రబ్బరు పట్టీ ఎత్తు, మామూలు చక్ కంటే బరువు కూడా ఎక్కువే! మెత్తదనం కావాలంటే వేరే షూలు బోలెడున్నాయి. చక్ కొనేవాళ్లకి ఆ పాత తీరే కావాలి.

[క్లోజప్: బొటనవేలితో సోల్ అంచు నొక్కడం]

షాపులో తేలిక మోడల్ చేతికొస్తే సోల్ అంచుని వేలితో నొక్కి చూడండి, మెత్తగా లోపలికి పోతే అది ఫోమ్. తర్వాత తిరగేసి, రబ్బరు ఎక్కడెక్కడ ఉందో చూడండి. కొన్నిటికి మడమ చివర, వేళ్ల కింద మాత్రమే రబ్బరు అతికించి, మిగతాదంతా ఫోమ్‌నే వదిలేస్తారు. సిగ్నల్ దగ్గర బండిని కాలితో ఆపే అలవాటుంటే ముందు అరిగేది ఆ ఫోమే.