ఉప్పుగాలిలో ఇనుము: వానలకు ముందు మన మిషన్లకు చేయాల్సిన పని

అందరికీ నమస్కారం. ఉన్న ఒక్క ఆదివారం ఇంట్లో గడపకుండా ఇంతమంది ఆపరేటర్లు, మెకానిక్‌లు, ఓనర్లు వచ్చారు. సంతోషం. మాది నెల్లూరు జిల్లా. మద్రాసుకు ఉత్తరాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల వైపు సైట్లలో పొక్లెయిన్లు, లోడర్లు బాగుచేస్తూ 22 ఏళ్లు గడిపాను. ఇంకొన్నాళ్లలో ఈశాన్య రుతుపవనాల వానలు దిగుతాయి. ఆలోపు మీ చెవిన వేయాలనుకున్న మాట ఒక్కటే. మద్రాసులో తుప్పుతో కొట్లాట పెయింటు డబ్బాతో మొదలవదు, మంచినీళ్లతో మొదలవుతుంది.

ఎందుకంటే ఇక్కడ మన శత్రువు వాన కాదు, ఉప్పు. వాన నీళ్లు పడ్డాయి, ఎండ కాసింది, ఆరిపోయాయి. ఉప్పు అలా పోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీరు లాగి కరుగుతుంది. మన తీరంలో తెల్లవారుజామున తేమ అంతకు మించి ఉండే రోజులే ఎక్కువ. అంటే చినుకు పడకపోయినా మీ పొక్లెయిన్ పొడవాటి చెయ్యి, అదే బూమ్, రోజూ ఉప్పునీళ్లలో తడిసినట్టే. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఇనుమును తిని తాను ఖర్చైపోదు. తుప్పు కింద గుంటలో కూర్చుని మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. దాని మీద పెయింటు వేస్తే పైన పటారం, లోన లొటారం. మూడు నెలలకు పొక్కులు లేస్తాయి. అప్పుడు పెయింటు కంపెనీని తిడతాం.

కాబట్టి కడగాలి. మరి ఏ నీళ్లతో? ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. బోర్లు విపరీతంగా తోడేయడం వల్ల మీంజూరు చుట్టుపక్కల భూగర్భంలోకి సముద్రపు నీరు చొచ్చుకొచ్చి దశాబ్దాలైంది. ఆ బోరు నీళ్లతో మిషన్ కడిగితే ఉప్పు పూసినట్టే. తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటకూడదని మన ప్రమాణం. సముద్రపు నీళ్లలో అది సుమారు 19,000. మీ బోరు ఈ రెంటి మధ్య ఎక్కడుందో తెలుసుకోండి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఉప్పు ఎంతుందో అందాజుగా చెప్తుంది. అదీ లేకపోతే నాలుక చెప్తుంది. ఉప్పగా ఉంటే కనీసం చివరి కడుగు మెట్రో వాటర్‌తోనో తియ్యటి టాంకర్ నీళ్లతోనో కడగండి. ప్రెషర్ గన్ కరెంటు కనెక్టర్ల మీద, పిన్నుల దగ్గర సీళ్ల మీద నేరుగా పెట్టొద్దు. కడిగాక గ్రీజు ఎక్కించే ప్రతి నిపుల్‌లో కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. లోపల చేరిన నీళ్లను అదే తోసేస్తుంది.

ఇక పట్టిన తుప్పు సంగతి. పొరలు పొరలుగా లేచినదాన్ని చిప్పింగ్ సుత్తితో రాల్చి, గ్రైండర్‌తో తెల్ల ఇనుము కనిపించేదాకా తీయాలి. వైర్ బ్రష్ ఒక్కటే నమ్ముకుంటే తుప్పుకే మెరుగు వస్తుంది. గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి తుప్పు తీసే బ్లాస్టింగ్ మాత్రం వద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఇసుక బదులు చిమ్మే గార్నెట్ రాతి పలుకుల్లాంటివి దొరుకుతున్నాయి, వాటితో చేయించండి. అప్పుడు కూడా మాస్కు పెట్టాల్సిందే.

గుంటల్లో మిగిలిన సన్నటి తుప్పుకు రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం, వాడొచ్చు. కొన్నింటిలో ఉండేది టానిక్ ఆమ్లం. తుప్పు మీద రాయగానే నీలి నలుపుకు తిరుగుతుంది. మనకిది కొత్త విద్య కాదు. ఇక్కడికి దగ్గర్లోనే శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే నల్లటి గీత వస్తుంది కదా, అదే రసాయనం. కానీ కన్వర్టర్ ఉప్పును తీయలేదు. కడగనిచోట రాస్తే డబ్బు దండగ.

తీసిన ఇనుము మీద అదే రోజు, సాయంత్రం మంచు దిగకముందే ప్రైమర్, అంటే పెయింటు కింది మొదటి పూత, పడాలి. బూమ్, బకెట్ లాంటి వాటికి వట్టి రెడ్ ఆక్సైడ్ చాలదు. జింక్ ఎక్కువున్న ప్రైమర్, పైన ఎపాక్సీ, ఆపైన ఎండకు తట్టుకునే పాలీయూరితేన్ వేయండి. అంచులకు, వెల్డింగులకు ముందు కుంచెతో ఒక పూత వేసి, తర్వాతే స్ప్రే చేయండి. అంచు దగ్గర పెయింటు పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. సిలిండర్ రాడ్ మీద, గ్రీజు నిపుల్ మీద, గాలి ఆడే బ్రీదర్ మీద పెయింటు పడనివ్వకండి.

రాడ్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. దాని మీది క్రోమ్ పొర వెంట్రుక మందం కూడా ఉండదు. గుండుసూది మొనంత గుంట పడినా రాడ్ లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా సీలును గీరి, ఆయిలు కారుతుంది. మిషన్ వారం పైన నిలబెట్టేటప్పుడు బకెట్ నేలకు ఆన్చి, రాడ్లు వీలైనంత లోపలికి పోయేలా పెట్టండి. బయట మిగిలిన ముక్కకు గ్రీజు పూయండి. మళ్లీ స్టార్ట్ చేసేముందు ఆ గ్రీజును దుమ్ముతో సహా తుడిచేయండి. డీజిల్ టాంకు నింపి పెడితే లోపల చెమట పట్టే చోటు తగ్గుతుంది.

చివరగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట 20 టన్నుల పొక్లెయిన్ ఒకటి వచ్చింది. బూమ్ మొదట్లో వెల్డింగ్ పక్కన బెత్తెడు పొడవున సన్నటి గోధుమరంగు చార. తుప్పే కదా అని బ్రష్ కొట్టి పెయింటు వేసి పంపాను. రెండు నెలలకు అక్కడే బూమ్ విరిగింది. కింద ఎవరూ లేరు, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది తుప్పు చార కాదు, పగులు. పగులులోకి నీళ్లు దిగి, లోపలి అంచులు రాసుకుని, ఆ పొడి బయటికి కారింది. అలాంటి గీత కనిపిస్తే పెయింటు గీకి, శుభ్రం చేసి, పగుళ్లలోకి దిగే ఎర్ర రంగు ద్రవం, అదే డై పెనెట్రెంట్, కొట్టండి. ఎర్ర డై తుడిచాక తెల్ల డెవలపర్ మీద ఎర్ర గీత తేలిందా, ఆ మిషన్ ఆగాలి. కాంట్రాక్టర్ ఎంత తొందరపెట్టినా సరే, ఆగాల్సిందే.

ఆ బూమ్ నుంచి కోసిన ముక్క ఇక్కడ బల్ల మీద పెట్టాను. ఒక పక్క నేను వేసిన పెయింటు ఇంకా పచ్చగానే ఉంది. కింద పగులు కనిపిస్తుంది. వెళ్లేముందు ఒక్కొక్కరూ చేతిలోకి తీసుకుని చూడండి.