చెకర్స్: తినక తప్పని ఆట

తమ్ముడు: అందరికీ నమస్కారం. చదరంగం బోర్డు చాలా ఇళ్లలో ఉంటుంది. దాని మీద చెకర్స్ ఆడేవాళ్లే తక్కువ. నిజంగా అది పిల్లల ఆటేనా అక్కా?

అక్క: ఒక్క నియమం తీసేసి ఆడితే పిల్లల ఆటే. దాని సంగతి చెబుతాను గానీ, ముందు పావులు పేర్చు. నీ ఎడమచేతి వైపు మూలన నల్లగడి ఉండాలి.

తమ్ముడు: ఉంది. నాకు 12, నీకు 12. మొదటి మూడు వరుసల్లో, నల్లగళ్లలోనే పెట్టాను.

అక్క: ఉన్న 64 గళ్లలో సగానికి ఈ ఆటలో పనే లేదు. తెల్లగడిలో ఎవరూ కాలు పెట్టరు. చదరంగంలో తెల్లపావులు ముందు కదులుతాయి, ఇక్కడ ముదురు రంగువి. పావు ఐమూలగా ఒక గడి ముందుకు వెళ్తుంది. ఎదుటి పావు ఆనుకొని ఉండి, దాని వెనక గడి ఖాళీగా ఉంటే, మీది నుంచి దూకి దాన్ని తినాలి.

తమ్ముడు: తినవచ్చు.

అక్క: కాదు, తినాలి! నేను చెప్పిన నియమం అదే. దీన్ని వదిలేసి ఆడితే ఇద్దరూ పావులను గోడ కట్టినట్టు నిలబెట్టి కూర్చుంటారు, పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. తినక తప్పదు అన్నప్పుడే ఎర వేయడానికి వీలవుతుంది. నా పావు ఒకటి నీ ముందుకు తోస్తాను. నువ్వు తింటావు, వద్దనుకున్నా తింటావు. అలా దూకిన నీ పావు ఎక్కడ వాలుతుందో నాకు ముందే తెలుసు. అక్కడి నుంచి నేను నీవి రెండో మూడో వరుసగా తినేస్తాను.

తమ్ముడు: ఒకే ఎత్తులోనా?

అక్క: ఒకే ఎత్తులో. దొరికినంతవరకు దూకుతూనే ఉండాలి. రెండు దారులుంటే ఏది పట్టాలన్నది నీ ఇష్టం. చివరి వరుస చేరిన పావు మీద ఇంకో పావు పెడితే రాజు. రాజు వెనక్కి కూడా నడుస్తాడు. పావులన్నీ పోయినా, కదలడానికి దారి లేకపోయినా ఓటమే.

తమ్ముడు: ఫోనులో ఆడితే రాజు ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క ఊపులో వచ్చేస్తున్నాడు?

అక్క: అది రష్యా పద్ధతో, అంతర్జాతీయ పద్ధతో అయి ఉంటుంది. నేను చెప్పింది ఇంగ్లండ్, అమెరికాలది. అంతర్జాతీయ ఆటకు 10 వరుసల బోర్డు, చెరి 20 పావులు. మామూలు పావు కూడా వెనక్కి తింటుంది. పైగా ఎక్కువ పావులు దొరికే దారే పట్టాలి. ఏ పద్ధతో ముందే అనుకోకపోతే మధ్యలో గొడవ ఖాయం.

తమ్ముడు: ఈ ఆటను కంప్యూటర్ పూర్తిగా ఛేదించిందట కదా?

అక్క: అమెరికా పద్ధతిని, అవును. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షాఫర్ బృందం చినూక్ అనే ప్రోగ్రామ్ రాసింది. ఇద్దరూ తప్పు చేయకపోతే ఆట డ్రా అవుతుందని 2007లో నిరూపించారు. అంతకుముందు 1992లో మారియన్ టిన్స్‌లీ అనే గణితం ప్రొఫెసర్ దాన్ని ఓడించాడు. 1994లో మళ్లీ తలపడితే ఆరు ఆటలూ డ్రా. ఆరోగ్యం బాగాలేక ఆయన మధ్యలోనే తప్పుకున్నాడు.

తమ్ముడు: చైనీస్ చెకర్స్ కూడా దీని చుట్టమేనా?

అక్క: పేరుకే. పుట్టింది జర్మనీలో, అందులో దూకడమే తప్ప తినడం లేదు. అంతకంటే మన పులి-మేక దగ్గరి చుట్టం.

తమ్ముడు: మూడు పులులు, పదిహేను మేకలు!

అక్క: పులి కూడా మేక మీది నుంచి దూకే తింటుంది, కాకపోతే గళ్లలో కాదు, గీతలు కలిసే చోట. మన ఇంట్లో ఆడే పద్ధతిలో పులికి తినాలన్న బలవంతం లేదు. మేకలు తినలేవు, పులులను కదలకుండా కట్టేయాలి. మేకలన్నీ దించేదాకా ఒక్కదాన్నీ కదపకూడదు, అక్కడే తొందరపడి ఓడిపోతారు.

తమ్ముడు: మరి మొదటి మేకను ఎక్కడ పెట్టాలి?

అక్క: వెనక గీత లేని చోట. పులి దూకితే వాలడానికి చోటుండదు. రెండోది దాన్ని ఆనుకొని పెట్టు.