బ్రూటస్ నాలుగు రూపాయల వడ్డీ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

'రోమన్ చారిత్రక నవలల్లో అధికారం కోసం పోరాటం' మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం అప్పుల సెక్షన్‌లోనే గడిచింది. రోమ్ మీద వచ్చిన నవలలు చదవడం పాతికేళ్ళ వయసులో పట్టుకున్న అలవాటు, ఇప్పటికీ వదల్లేదు. పగలు చేసే ఉద్యోగానికీ రాత్రిళ్ళు చదివే పుస్తకాలకూ సంబంధం ఉందని చాలా ఏళ్ళ దాకా నాకు తట్టలేదు. ఇవాళ ఆ సంబంధం గురించే చెప్తాను.

మనలో చాలామందికి రోమ్‌తో మొదటి పరిచయం షేక్స్‌పియర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగం. కాలేజీలో దాన్ని కంఠతా పట్టినవాళ్ళు ఈ హాల్లోనే కొందరు ఉంటారు. సీజర్ శవం పక్కన నిలబడి, గాయాలు ఒక్కొక్కటే చూపిస్తూ ఆంటోనీ జనాన్ని ఏడిపిస్తాడు. జనం రెచ్చిపోయి ఇళ్ళు తగలబెట్టడానికి పరుగు మొదలుపెడతారు. అప్పుడు వాళ్ళను ఆపి, వెనక్కి పిలుస్తాడు. సీజర్ వీలునామా సంగతి మర్చిపోయారేం అని అడుగుతాడు. ప్రతి పౌరుడికీ 75 డ్రాక్మాలు అని చదువుతాడు. రోమ్ నాణేల్లో చెప్పుకోవాలంటే 300 సెస్టర్సులు. ఆ వాక్యాన్ని క్లాసులో మేము గబగబా దాటేసేవాళ్ళం. మాటల మాంత్రికుడికి కూడా చివర్లో డబ్బు లెక్క చదవాల్సి వచ్చిందని నాకు తెలిసేటప్పటికి, నేనూ ఒక కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాను.

రోమన్ నవల అనగానే పాఠకుడు కత్తులు, విషం, కుట్రలు ఆశిస్తాడు. అవన్నీ ఉన్నాయి, కాదనను. క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్‌కి 23 పోట్లు తగిలాయి, కుట్రలో అరవై మందికి పైగా ఉన్నారు. కానీ ఆ పోట్లు పడ్డది ఒక్క పూట. ఆ పూట దాకా మనుషుల్ని నడిపించింది ఏమిటి అన్నది తెలిసిన నవలే నన్ను రాత్రి పన్నెండు దాకా కూర్చోబెడుతుంది. నా మటుకు నాకు ఆ నడిపించిన వాటిలో మొదటిది అప్పు.

ఎందుకో చెప్తాను. రోమన్ రిపబ్లిక్‌లో పెద్ద పదవులన్నీ ఒక్క ఏడాదివి. క్రీ.పూ. 81 ప్రాంతంలో నియంత సల్లా చేసిన మార్పుల తర్వాత ఏటా 20 మంది క్వెస్టర్లు, అంటే ఖజానా లెక్కలు చూసే అధికారులు, ఎన్నికయ్యేవారు. పై మెట్టు ప్రీటర్, అంటే న్యాయాధికారి పదవికి 8 మందికే చోటు. ఆ పైన, అన్నిటికన్నా పెద్దదైన కాన్సల్ పదవికి ఇద్దరే. కాన్సల్ కావాలంటే 42 ఏళ్ళు ఉండాలి. అంటే ముప్పై ఏళ్ళకు మెట్లెక్కడం మొదలుపెట్టిన ఇరవై మందిలో పద్దెనిమిది మంది పైదాకా చేరరని మొదటి రోజే తెలుసు. కాన్సల్ కొడుకు కాన్సల్ కాకపోతే ఇంటి పరువు పోయినట్టే. ఇంట్లో తాతల మైనపు ముఖాలు గోడ గూళ్ళలోంచి చూస్తూ ఉండేవి. ఆ టెన్షన్ ఎలాంటిదో ఊహించుకోండి.

అభ్యర్థి తన వస్త్రానికి సుద్ద పొడి రుద్ది తెల్లగా మెరిపించుకుని జనంలోకి వచ్చేవాడు. 'కాండిడేట్' అన్న మాట ఆ తెలుపు నుంచే పుట్టింది. పక్కనే ఒక బానిస నడుస్తూ, ఎదురొచ్చేవాడి పేరు చెవిలో చెప్పేవాడు. అభ్యర్థి ఆ పేరు పెట్టి పలకరించి చెయ్యి పట్టుకునేవాడు. ఇలా ఓట్ల కోసం చుట్టూ తిరగడాన్నే లాటిన్‌లో 'అంబిషియో' అన్నారు. ఇంగ్లిష్ 'అంబిషన్' అక్కడి నుంచి వచ్చిందే. మనం మహత్వాకాంక్ష అని గంభీరంగా అనువాదం చేసుకునే మాటకు అసలు అర్థం గడప గడపకూ తిరగడం.

ఉత్త చేతులతో తిరిగితే ఓట్లు పడవు కదా. జనానికి ఆటలు ఆడించాలి, విందులు పెట్టాలి, డబ్బు పంచాలి. ఓట్లకు డబ్బు పంచడం నేరమే, దానికి 'అంబిటస్' అని పేరు, చట్టం మీద చట్టం తెచ్చారు. అయినా డబ్బు పంచిపెట్టే దళారులు బాహాటంగానే ఉండేవారు. క్రీ.పూ. 54లో కాన్సల్ ఎన్నికలకు అభ్యర్థులు ఎంత అప్పు చేశారంటే, రోమ్ నగరంలో వడ్డీ రేటు ఏడాదికి నూటికి 4 నుంచి ఒక్కసారిగా 8కి ఎక్కింది. ఈ సంగతి, వక్త, రాజకీయ నాయకుడు అయిన సిసెరో తన స్నేహితుడు అటికస్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. నేను ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. నగరమంతటా వడ్డీ రెట్టింపైందంటే, ఎన్నికలతో ఏ సంబంధమూ లేని చిన్న వర్తకుడి కొట్టు మీద కూడా ఆ భారం పడి ఉంటుంది. అతని గురించి నేను చదివిన నవలల్లో ఎవరూ రాయలేదు.

అప్పు తీరే దారి ఒక్కటే. పదవీకాలం అయ్యాక ఒక రాష్ట్రానికి గవర్నర్‌గా వెళ్ళాలి, అక్కడి జనం దగ్గర రాబట్టాలి. క్రీ.పూ. 63లో సీజర్ ప్రధాన పూజారి పదవికి నిలబడ్డాడు. అప్పటికే పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. ఎన్నిక రోజు పొద్దున తల్లి ముద్దుపెట్టుకుంటుంటే, గెలిస్తేనే ఇంటికొస్తానమ్మా, లేకపోతే రాను అన్నాడని పాత రచయితలు రాశారు. గెలిచాడు. రెండేళ్ళకు స్పెయిన్ గవర్నర్‌గా బయల్దేరబోతే అప్పులవాళ్ళు అడ్డం పడ్డారు. రోమ్‌లో పెద్ద ధనవంతుడు క్రాసస్ 830 టాలెంట్లకు (టాలెంట్ అంటే అప్పటి పెద్ద డబ్బు కొలత) హామీ ఉంటేగాని అతను ఊరు దాటలేకపోయాడు. చాలామంది రచయితలు ఈ ఘట్టాన్ని రెండు పేరాల్లో తేల్చేసి, సీజర్ సైన్యంతో దాటి అంతర్యుద్ధం మొదలుపెట్టిన రూబికాన్ నది దగ్గరికి పరిగెడతారు. నాకది నచ్చదు. హామీ సంతకం పెట్టేవాడి ముఖం, పెట్టించుకునేవాడి ముఖం ఎదురెదురుగా ఉండే ఆ గది, నది కన్నా పెద్ద ఘట్టం. క్రాసస్ ఏమీ ఆశించకుండా పెట్టే మనిషి కాదు. తగలబడుతున్న ఇళ్ళను, వాటి పక్క ఇళ్ళను చవగ్గా కొనేసి ఆస్తి పెంచినవాడు. సీజర్ అనే మనిషి మీద అతను పెట్టుబడి పెట్టాడు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఒక చిన్న ఊరి బ్రాంచిలో బంగారం తాకట్టు చూసే రోజుల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చెవుల కమ్మలు కౌంటర్ దగ్గరే తీసింది. ఎన్నో ఏళ్ళుగా పెట్టుకున్నవి, శీల ఒక పట్టాన ఊడి రాలేదు. కొడుకు సాయం చేయబోతే వద్దని తనే తీసుకుంది. అప్రైజర్ తూకం వేస్తున్నంతసేపూ చీర కొంగుతో చెవులు కప్పుకుని కూర్చుంది. డబ్బు దేనికని నేను అడగలేదు, అవసరానికి అని ఫారంలో రాసుకున్నాను. ఆయన ఓడిపోయాడు. ఆ కమ్మలు చివరికి వేలానికి పోయాయి. ఆ నోటీసు మీద సంతకం నాదే.

తర్వాత చాలా ఏళ్ళకు సూటోనియస్ రాసిన చక్రవర్తుల చరిత్రలు చదువుతుంటే విటెలియస్ కథ ఎదురైంది. క్రీ.శ. 68లో అతనికి జర్మనీ సరిహద్దు సైన్యం మీద అధికారం ఇచ్చారు. వెళ్ళడానికి దారి ఖర్చులు లేవు. భార్యాపిల్లల్ని అద్దె గదిలో పెట్టి ఇల్లు అద్దెకిచ్చాడట. తల్లి చెవి ముత్యం ఒకటి తీసి తాకట్టు పెట్టాడట. మరుసటి ఏడాదే ఆ సైన్యం అతన్ని చక్రవర్తిని చేసింది, ఆ ఏడాది ముగిసేలోపే రోమ్ వీధుల్లో చంపేశారు. నాకు ఆ పేజీ ముందుకు సాగలేదు. కొంగుతో చెవులు కప్పుకున్న ఆ తల్లే కనిపించింది. విటెలియస్ మీద నవల రాస్తే నేను సింహాసనం దగ్గర మొదలుపెట్టను. ఆ తల్లి చెవి దగ్గర మొదలుపెడతాను.

ఇక బ్రూటస్. షేక్స్‌పియర్ పుణ్యమా అని అతను మనందరికీ రోమన్లలో కెల్లా ఉత్తముడు. అతను పుస్తకాలు చదివినవాడు, స్వేచ్ఛ కోసం సీజర్‌ని చంపానని నిజంగా నమ్మినవాడు కూడా. కానీ సిసెరో ఉత్తరాల్లో మరో బ్రూటస్ ఉన్నాడు.

మన పల్లెల్లో వడ్డీని ఎలా చెప్పుకుంటాం? నూటికి నెలకు ఒకటైతే రూపాయి వడ్డీ, రెండైతే రెండు రూపాయల వడ్డీ. రోమన్లు కూడా అచ్చంగా ఇలాగే నెలవారీగా, నూటికి లెక్క చెప్పుకునేవారు. రూపాయి వడ్డీని 'సెంటెసిమా' అన్నారు. సైప్రస్ దీవిలోని సలామిస్ పట్టణానికి బ్రూటస్ తన మనుషుల పేరు మీద అప్పిచ్చాడు. ఎంతకు? నాలుగు రూపాయల వడ్డీకి. అంటే ఏడాదికి నూటికి 48. పత్రం రోమ్ చట్టానికి విరుద్ధమైతే, సెనేట్ చేత ప్రత్యేకంగా మినహాయింపు తీర్మానం చేయించాడు.

వసూలు బాధ్యత స్కాప్టియస్ అనే ఏజెంటుది. అప్పటి గవర్నర్ అపియస్ క్లాడియస్ బ్రూటస్‌కి స్వయానా మామగారు. ఆయన స్కాప్టియస్‌కి గుర్రపు దళాన్ని ఇచ్చాడు. స్కాప్టియస్ ఆ దళంతో పట్టణ సభ్యుల్ని వాళ్ళ సభామందిరంలోనే దిగ్బంధం చేశాడు. ఐదుగురు పెద్దమనుషులు తిండి లేక ఆ గదిలో చచ్చిపోయారు.

క్రీ.పూ. 51లో సిసెరో అక్కడికి గవర్నర్‌గా వచ్చాడు. రాగానే గుర్రపు దళాన్ని దీవి నుంచి పంపించేశాడు. తన ఇలాకాలో రూపాయి వడ్డీకి మించి చెల్లదని, చక్రవడ్డీ ఏడాదికోసారే కట్టాలని ముందే ప్రకటించి ఉన్నాడు. రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి లెక్క వేయించాడు. రూపాయి వడ్డీతో 106 టాలెంట్లు తేలింది. స్కాప్టియస్ 200 అడుగుతున్నాడు. అప్పుడే స్కాప్టియస్ ఒక ఉత్తరం తీశాడు, డబ్బు తనదేనని బ్రూటస్ రాసింది. సిసెరోకి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. ప్రాణ స్నేహితుడు అటికస్ కూడా ఈ వ్యవహారంలో బ్రూటస్ పక్షమే. స్కాప్టియస్‌కి యాభై మంది గుర్రపువాళ్ళనైనా ఇవ్వమని రాశాడు. సిసెరో ఇవ్వనన్నాడు. బానిసల తిరుగుబాటు నాయకుడు స్పార్టకస్ మొదలుపెట్టినప్పుడు అంతమంది కూడా లేరు కదా అని జవాబు రాశాడు.

ఇంత నీతి నిలబెట్టుకున్న మనిషి తర్వాత ఏం చేశాడన్నదే నా దృష్టిలో నవల. రాబర్ట్ హారిస్ సిసెరో మీద మూడు నవలలు రాశారు, 2006 నుంచి 2015 దాకా. కథ చెప్పేవాడు సిసెరో బానిస, కార్యదర్శి టైరో. టైరో నిజంగా ఉన్నాడు, వేగంగా రాసుకునే గుర్తుల లిపి అతని పేరుతోనే నిలిచింది, సిసెరో జీవిత చరిత్ర రాశాడు గానీ అది మనకు దక్కలేదు. ఆ పోయిన పుస్తకాన్ని హారిస్ మళ్ళీ రాయబోయారు. నాకు ఆ ఎంపిక చాలా గొప్పగా అనిపిస్తుంది. యజమాని ఉపన్యాసం వినే జనం వేలల్లో ఉంటారు. ఆ ఉపన్యాసానికి ముందు రాత్రి అప్పుకు ఎవరి గడప తొక్కాడో రాసుకునేవాడు ఒక్కడే ఉంటాడు.

మన యువ రచయితలు కొందరు నన్ను అడుగుతుంటారు, రోమ్ మీద తెలుగులో నవల రాస్తే ఎవరు చదువుతారండీ అని. తెన్నేటి సూరి గారు మంగోలుల మీద 'చెంఘిజ్ ఖాన్' రాస్తే తరాల తరబడి చదివాం. రోమ్ మనకు అంతకన్నా దూరమేమీ కాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో టైబీరియస్ చక్రవర్తి బంగారు నాణెం దొరికింది. అయినా నాణేల బంధుత్వం కన్నా నాకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. నాలుగు రూపాయల వడ్డీ అనగానే ఒళ్ళు జలదరించే పాఠకుడు తెలుగులో ఉన్నాడు. ఏడాదికి 48 శాతం అని చదివితే అంకె కనిపిస్తుంది, నాలుగు రూపాయల వడ్డీ అంటే మనకు ఒక ఇల్లు కనిపిస్తుంది, ఆ ఇంటి గుమ్మం ముందు కూర్చున్న మనిషి కనిపిస్తాడు. అందుకే రాయండి అంటున్నాను.

రాసేవాళ్ళకు ఆ ఘట్టం మిగతా సగం చెప్పి ముగిస్తాను. లెక్క 106 దగ్గర తేలాక, సలామిస్ వాళ్ళు డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు. స్కాప్టియస్ పుచ్చుకోనన్నాడు. అతను సిసెరోని పక్కకు తీసుకెళ్ళి, ఈ వ్యవహారాన్ని ఇలాగే వదిలేయమన్నాడు. తర్వాత వచ్చే గవర్నర్ తనకు అనుకూలంగా ఉంటాడని అతని ఆశ. అయితే డబ్బును గుడిలో డిపాజిట్ చేస్తామని సలామిస్ వాళ్ళు వేడుకున్నారు. అలా చేస్తే ఆ రోజు నుంచి వడ్డీ ఆగిపోతుంది. సిసెరో వద్దన్నాడు. బ్రూటస్‌తో స్నేహం చెడగొట్టుకోలేకపోయాడు. ఏడేళ్ళ తర్వాత తన తల, చేతులు నరికించి రోమ్ వేదిక మీద వేలాడదీయబోయే రాజకీయం అప్పటికింకా అతని దాకా రాలేదు. ఆ సాయంత్రం సలామిస్ పెద్దలు తెచ్చిన డబ్బు తెచ్చినట్టే మూటలు కట్టుకున్నారు. ఐదుగురు చచ్చిపోయిన ఊరికి తిరుగు ప్రయాణమయ్యారు. వడ్డీ నడుస్తూనే ఉంది.