మోటరు బాగుంది, ఫేజే లేదు

"మూడు గంటలు కదలకుండా సినిమా చూస్తాడే, అప్పుడు లేని రోగం పుస్తకం తీస్తే ఎట్లొస్తుంది?"

ఏడీహెచ్‌డీ (ధ్యాసను కావాల్సిన పని మీద నిలపడం కష్టమయ్యే సమస్య) మీద ఏ వీడియో పెట్టినా కింద ఈ మాట ఉంటుంది. చదివి చదివి నాకు విసుగొచ్చింది. మన అనంతపురం వాళ్లకు జవాబు చెప్పడం సులువు, బోరు మోటరు గుర్తు తెచ్చుకోండి.

మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మోటరు బాగుంది, బోరులో నీళ్లున్నాయి. స్టార్టరు నొక్కితే గుయ్యిమని మూలుగుతుందే తప్ప తిరగదు. మా తమ్ముడు అచ్చం అంతే. 24 ఏళ్లు. పరీక్ష ఫీజు కట్టాలి. డబ్బులున్నాయి, ఫోనులో పేజీ తెరిచే ఉంది. మూడు రోజులు తెరిచే ఉంది! ఆఖరి రాత్రి పదకొండున్నరకు చెమటలు కక్కుతూ కట్టాడు. గడువు మీదికొస్తేనో, మనసుకు నచ్చిందైతేనో ఆ మూడో ఫేజు దానంతటదే వస్తుంది. సినిమా సంగతీ అదే. ధ్యాస ఉంది, దాన్ని కావాల్సిన చోటికి మళ్లించుకోవడమే కష్టం.

ఫేజు లేనప్పుడు స్టార్టరు నొక్కుతూనే ఉంటే ఏమవుతుంది? కాయిల్ కాలిపోతుంది. (రీవైండింగ్‌కు ఎంతవుతుందో మా నాయన్ను అడగండి.) "సోంబేరి" అని ఒక నొక్కు. పెళ్లిలో పెద్దమ్మ "వీడింకా మారలేదా" అని నలుగురిలో ఇంకో నొక్కు. ఇప్పుడు ఇంట్లో అందరం తగ్గించాం. వాడే నొక్కుకుంటున్నాడు. మొన్న చెయ్యి తగిలి గ్లాసు పడితే "థూ, నా బతుకు" అన్నాడు. గ్లాసుకు!

ఇది వాడొక్కడి కథ కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లు తమ మీద తాము చూపుకునే దయ తక్కువని, ఎదురయ్యే విమర్శకూ దానికీ సంబంధం ఉందని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో రాశారు.

ఈ దయకు క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త మూడు భాగాలు చెప్పారు: తనతో మెత్తగా ఉండటం, ఇలాంటివి అందరికీ జరుగుతాయని గుర్తుంచుకోవడం, బాధను పెంచకుండా తుంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. "మెత్తబడితే చెడిపోతాడు" అంటారా? స్టార్టరు మీద చెయ్యి తీసినవాడు చేను వదిలేసినట్టా? లైన్‌మన్‌ను పిలుస్తాడు. ఇక్కడ లైన్‌మన్ సైకియాట్రిస్టు. మందులున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొకటి. మా వాడు ఈమధ్య "అక్కా, ఊరికే పక్కన కూర్చో, ఏం మాట్లాడొద్దు" అంటాడు. శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటా. కాసేపటికి పని మొదలుపెడతాడు. మాట్లాడకుండా ఉండటమే నాకు కష్టం.