పెన్ డ్రైవ్ ఖాళీ అయిందా? ఫార్మాట్ కొట్టకండి

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్‌కి వైరస్ అంటే ఇంటర్నెట్ నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. వస్తుంది, కాదనను. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ వచ్చి మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా కొన్నింటిని పట్టేసింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. దానికి విరుగుడు అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ సంగతి అలా ఉంచి, మన ఊళ్లలో కనిపించే రకం గురించి చెబుతా. ఇది పెన్ డ్రైవ్ ఎక్కి తిరుగుతుంది. షార్ట్‌కట్ వైరస్ అంటారు.

ఒంగోలులో ఒక జిరాక్స్ షాపు. నోటిఫికేషన్ పడిందంటే అక్కడ నిలబడే చోటుండదు. చీమకుర్తి నుంచి వచ్చిన ఒక కుర్రాడు పెన్ డ్రైవ్ ఇచ్చాడు. షాపాయన పెట్టాడు, 'సర్టిఫికెట్లు' అనే ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కాడు, తెరుచుకుంది, ప్రింట్లు వచ్చాయి. ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

కానీ ఆ ఫోల్డర్ బొమ్మకు ఎడమవైపు కింది మూలన చిన్న బాణం గుర్తుంది. అంటే అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్, అంటే నొక్కితే ఇంకోదాన్ని తెరిచే గుర్తు మాత్రమే. అసలు ఫోల్డర్‌ని వైరస్ కనబడకుండా దాచేసి, అదే పేరుతో దీన్ని పెట్టింది. మనం నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. పని జరిగిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇక ఆ కంప్యూటర్‌లో పెట్టిన ప్రతి పెన్ డ్రైవ్‌కీ అంటుకుంటుంది.

కుర్రాడు ఇంటికెళ్లి వాళ్ల పెదనాన్న కొడుకు ల్యాప్‌టాప్‌లో పెట్టాడు. అందులో యాంటీవైరస్ సరిగ్గా ఉంది. వైరస్‌ని పట్టుకుంది, తీసేసింది. చూస్తే పెన్ డ్రైవ్ ఖాళీ! "అన్నా, నీ యాంటీవైరస్ నా ఫైళ్లన్నీ మింగేసింది" అని ఒకటే గోల. ఫార్మాట్ కొట్టి డ్రైవ్ మొత్తం చెరిపేయబోతూ, ఎందుకైనా మంచిదని నాకు ఫోన్ చేశారు.

"అబ్బయ్యా, ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడు. ఎంత వాడినట్టు ఉంది?" అన్నాను.

"మూడు జీబీ పైనే ఉంది సార్."

ఖాళీ డ్రైవ్‌లో మూడు జీబీ ఎక్కడిది? ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి. దొంగను పట్టుకెళ్లిన పోలీసు మన బీరువా సర్దిపెట్టడు కదా, యాంటీవైరస్ కూడా అంతే. వైరస్‌ని తీసేస్తుంది, అది దాచిన ఫోల్డర్లను బయటికి తీయడం చాలాసార్లు మన పనే.

కాగితం ఉంటే రాసుకోండి. ఫోల్డర్ కిటికీ పైన 'వ్యూ' ఉంటుంది, అందులో 'హిడెన్ ఐటమ్స్'కి టిక్ పెట్టండి. అప్పటికీ కనబడకపోతే 'ఫోల్డర్ ఆప్షన్స్'లోకి వెళ్లి, మళ్లీ 'వ్యూ'లో, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అన్న దగ్గర టిక్ తీసేయండి. ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. వాటిలో ఉన్నవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాక పెన్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసుకోండి, అప్పుడు నాకే అభ్యంతరమూ లేదు. తీసిన ఆ టిక్ మాత్రం మళ్లీ పెట్టేయండి.

షాపులవాళ్లకు ఒక మాట. సిస్టమ్ స్లో అవుతోందని యాంటీవైరస్ ఆపేస్తున్నారు. ఊరందరి పెన్ డ్రైవ్‌లూ పెట్టే మీరే ఆపేస్తే ఎట్లా అండీ? కొనలేకపోతే కొనొద్దు. విండోస్ 8 నుంచీ డిఫెండర్ అనే యాంటీవైరస్ అందులోనే ఉచితంగా వస్తోంది. దాన్ని ఆపకండి, అప్‌డేట్ కానివ్వండి. గడువు తీరిపోయి, అప్‌డేట్లు ఆగిపోయిన యాంటీవైరస్‌కి కొత్త వైరస్‌ల ఆనవాళ్లు తెలియవు. పెన్ డ్రైవ్ పెట్టగానే తెరవకుండా, రైట్ క్లిక్ చేసి ముందు స్కాన్ కొట్టండి.

ఆ కుర్రాడికైతే ఇంకొకటి కూడా చెప్పాను. షాపుకి వెళ్లేటప్పుడు ప్రింటు కావలసిన ఫైలు ఒక్కటే పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్లు, మిగతా సర్టిఫికెట్ల స్కాన్లన్నీ ఇంట్లోనే ఇంకో చోట ఉంచుకో అని.

సెలవు.